బాపు కాలు, పంచాయతీ ట్రాక్టర్, నాలుగేళ్ల పది నెలలు

2026 జనవరి 6, మంగళవారం. బాపు (మా నాన్న) బ్యాంకు పాసుబుక్కులో ప్రమాద పరిహారం డబ్బు పడిన రోజు. ఆయన కాలు నలిగిన రోజు కూడా మంగళవారమే, 2021 మార్చి 9. ఈ రెండు మంగళవారాల మధ్య మా ఇంట్లో ఏం జరిగిందో రాస్తున్నాను. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు రేపు ఎవరైనా ఇదే దారిలో నడవాల్సి వస్తే, తెలియక మేం పోగొట్టుకున్నవి వాళ్లు పోగొట్టుకోవద్దు.

మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు. బాపు గ్రామపంచాయతీలో మల్టీపర్పస్ వర్కర్. కాగితం మీద పేరు అది, ఊళ్లో మాత్రం సఫాయి అనే అంటారు. పొద్దున ఐదున్నరకు పోయి మోరీలు తీయడం, ఇంటింటికీ తిరిగి చెత్త ట్రాక్టర్‌కు ఎత్తడం, నర్సరీలో మొక్కలకు నీళ్లు పోయడం ఆయన పని. జీతం నెలకు 8,500.

ఆ రోజు ఊరి చివర డంపింగ్ యార్డులో ట్రాక్టర్ వెనక్కి తీస్తుంటే బాపు వెనక నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ట్రాలీకీ షెడ్డు గోడకూ మధ్య కుడి కాలు మోకాలి కింద ఇరుక్కుంది. ట్రాక్టర్ నడుపుతున్నది బాపు చిన్ననాటి దోస్తు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కాక అని పిలిచే మనిషి. కిందికి దూకి, బాపును ఎత్తుకుని, ఆటోలో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తెచ్చింది కూడా ఆయనే. అవ్వ, అంటే మా అమ్మ, మిరప చేనుకు కూలికి పోయింది. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం, క్లాసులో ఉన్నాను. నేను చేరేసరికి కాక అంగీ నిండా బాపు నెత్తురు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ఎట్లా తగిలిందని అడిగితే బాపు ఆ నొప్పిలోనే, "పంచాయతీ ట్రాలీ గోడకు ఒత్తింది సారూ, చెత్త పోస్తుంటే" అన్నాడు. డాక్టర్ అదే మాట కేసు షీటులో రాశారు. దాని విలువ అప్పుడు మాకెవరికీ తెలియదు. సాయంత్రం ఊరి నుంచి వచ్చిన పెద్దమనుషులు నన్ను పక్కకు పిలిచి, "పోలీసు కేసు అయితే డ్రైవర్ ఆగమైతడు బిడ్డా. బాత్రూంల జారిపడ్డడని రాయించున్రి" అన్నారు. కాకను చూసి నాకూ అట్లనే చెబుదామనిపించింది. అప్పటికే ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం పోయింది. బాపు మాట్లాడే స్థితికి వచ్చాక, మార్చి 12న ఎఫ్‌ఐఆర్ అయింది. రెండేళ్ల తర్వాత మా కేసు నిలబడింది ఆ రెండు కాగితాల మీదే. ఆసుపత్రిలో మొదట చెప్పే మాట నిజం చెప్పండి, అది రాశారో లేదో కూడా చూసుకోండి.

ఎముక తోలు చీల్చుకుని బయటకు వచ్చింది. ఆరోగ్యశ్రీ కింద మొదటి ఆపరేషన్ అయింది. బయటి నుంచి రాడ్లు బిగించారు. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికి వచ్చాక చీము పట్టింది. రెండో ఆపరేషన్ మేలో అన్నారు. మే 12 నుంచి లాక్‌డౌన్. మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకే బయట తిరగనిచ్చేవాళ్లు. వార్డులన్నీ కరోనా పేషెంట్లకే. ఆ నలభై రోజులు నేనే యూట్యూబులో చూసి, ఫోనులో నర్సక్క చెబుతుంటే, బాపు కాలికి డ్రెస్సింగ్ చేశాను. వాసనకు అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే బాపు మొహం గోడవైపు తిప్పుకునేవాడు. అది చూసిన నాటి నుంచి అవ్వ మళ్లీ ముక్కు మూసుకోలేదు. జూన్ 24న రెండో ఆపరేషన్ అయింది. చివరికి కాలు ఉంది, కానీ మూడు సెంటీమీటర్లు పొట్టి అయింది, చీలమండ మడవదు. బరువు ఎత్తలేడు, మోరీలోకి దిగలేడు.

ఆపరేషన్లకు డబ్బు కట్టలేదు గానీ బయటి మందులు, వాకర్, ఆటోలు, దూది, కట్ల గుడ్డ, అన్నీ కలిపి 64,300 అయినట్లు నా నోటుబుక్కులో లెక్క ఉంది. బిల్లులు దొరికింది మాత్రం 41,850కే. మందుల షాపులో చిట్టీ మీద రాసిచ్చినవి, ఆటో కిరాయిలు, అవన్నీ పోయాయి. పనిలో తగిలిన గాయానికి వైద్యానికైన అసలు ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలని చట్టంలో ఉందని నాకు తొమ్మిది నెలల తర్వాత తెలిసింది. పది రూపాయల దూదికైనా బిల్లు అడగండి.

పంచాయతీ రెండు నెలల జీతం ఇచ్చింది. తర్వాత ఆ పనిలో ఇంకొకరిని పెట్టారు. జూన్‌లో ఖర్చులకు అని పది వేలు ఇచ్చారు. ఆగస్టు రెండో వారంలో పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి, మొత్తం పరిష్కారం కింద యాభై వేలు ఇస్తామన్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం అప్పటికే రాసి ఉంది. ఇంట్లో అప్పు లక్షా ఇరవై వేలు, నూటికి రెండు రూపాయల మిత్తి. బాపు పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. అవ్వ, "ఆగు, పిల్ల చదవనియ్" అంది. చదివాను. ఇకముందు ఈ ప్రమాదం గురించి ఎలాంటి నష్టపరిహారం కోరనని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం చూసి నా చేతులు వణికాయి. ధైర్యంతో కాదు, భయంతోనే, "రేపు చెప్తం" అని కాగితం పట్టుకుని లేచి వచ్చేశాను. అట్లా హక్కు వదులుకుంటున్నట్లు రాయించుకున్న ఒప్పందం ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదని తర్వాత తెలిసింది. కానీ సంతకం పెట్టి ఉంటే, ఇక అయిపోయిందనుకుని మేం ఎవరి దగ్గరికీ పోయేవాళ్లం కాదు.

ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నాలుగు నెలలు గడిచాయి. నా క్లాస్‌మేట్ వాళ్ల అక్క జూనియర్ వకీలు. ఆమె తన సీనియర్ మేడం దగ్గరికి 2021 డిసెంబరులో తీసుకుపోయింది. మేడం ముందు డబ్బు అడగలేదు, వచ్చినదాంట్లో పదో వంతు అన్నారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారనీ, ఆడవాళ్లకూ దళితులకూ వికలాంగులకూ ఆ హక్కు ఉందనీ ఆమే చెప్పారు. అక్కడికి పోవచ్చు, మీ ఇష్టం అన్నారు. మాకు ఆమె మాట తీరు నచ్చి అక్కడే ఆగాం.

మేడం మొదట అడిగింది జీతంలో ఈఎస్ఐ కట్ అవుతుందా అని. మున్సిపాలిటీల్లో ఔట్‌సోర్సింగ్ వాళ్లకు చాలాచోట్ల ఈఎస్ఐ ఉంటుంది. అది ఉంటే పని ప్రమాదాల పరిహారం అక్కడి నుంచే తీసుకోవాలి, ఈ దారి మూసుకుపోతుంది. బాపుకు లేదు. కాబట్టి అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద పంచాయతీ మీద లేబర్ కమిషనర్ దగ్గర వేయవచ్చు. లేదా ట్రాక్టర్ ప్రమాదం కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోవచ్చు. రెండింట్లో ఏదో ఒకటే. ట్రిబ్యునల్లో డబ్బు ఎక్కువ రావచ్చు గానీ డ్రైవర్ నిర్లక్ష్యం వల్లే జరిగిందని మనం రుజువు చేయాలి. లేబర్ కమిషనర్ దగ్గర తప్పెవరిదని అడగరు. పని మీద ఉన్నప్పుడు, పని వల్ల తగిలిందా, అంతే.

బాపు ఎక్కువసేపు ఆలోచించలేదు. "వాని మీద నేను చెప్ప. వాడు నన్ను ఎత్తుకచ్చిండు" అన్నాడు. మేడం ఫైలు మీద లేబర్ అని రాసుకున్నారు.

తర్వాత కాగితాల వేట. బాపుకు అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. చేరేటప్పుడే పరిహారం హక్కు గురించి పనివాడికి రాసి ఇవ్వాలని 2017లో చట్టంలో 17ఏ అనే సెక్షన్ పెట్టారట. పన్నెండేళ్ల పనిలో బాపుకు అలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. మస్టర్ (హాజరు పుస్తకం) జిరాక్సు అడిగితే ఇయ్యరాదన్నారు. మేడం సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు పెట్టమన్నారు. గ్రామ స్థాయిలో ఆ దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆ పైన పది. తెల్లకాగితం మీద రాసి రెండో కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ఇరవై తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. ఫిబ్రవరి, మార్చి మస్టర్ల నకళ్లు, జీతాల చెక్కుల వివరాలు, ట్రాక్టర్ ఇన్సూరెన్స్ పాలసీ.

పాలసీ చూసి మేడం తల పట్టుకున్నారు. పాతది 2021 ఫిబ్రవరి 20తో అయిపోయింది. కొత్తది మార్చి 18 నుంచి మొదలు. బాపుకు దెబ్బ తగిలిన రోజుకు ఆ బండికి పదిహేడు రోజులుగా ఇన్సూరెన్స్ లేదు. తగిలిన తొమ్మిది రోజులకు కట్టారు. నాకు ఏడుపు వచ్చింది, ఇక ఏమీ రాదనుకున్నాను. మేడం విడమరిచి చెప్పిన సంగతి ఇది: ఈ చట్టం యజమానిని బీమా తీసుకుని తీరాలని అనదు. తీసుకుంటే అతని తరఫున కంపెనీ కడుతుంది. తీసుకోకపోతే తన జేబులోంచి తానే కట్టాలి. బీమా లేదన్న కారణంతో పనివాడి హక్కు పోదు. యజమాని పంచాయతీ అయినా అంతే, ప్రభుత్వ శాఖ అయినా అంతే. పోయేది కాలమే, ఎందుకంటే కంపెనీ చెక్కు ఇచ్చినంత తేలిగ్గా పంచాయతీ ఇవ్వలేదు. ఆమె చివరి మాట తర్వాత అక్షరాలా నిజమైంది.

2022 జనవరి 18న ఫారం ఎఫ్, అంటే పరిహారం కోరే దరఖాస్తు, వేశాం. ఆ చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. మేం పది నెలలకు వేశాం. స్టాంపులకు అయింది చాలా తక్కువ. జిరాక్సులకే దానికంటే ఎక్కువ.

కోర్టు అంటే ఎత్తైన కుర్చీ, కటకటాలు అనుకున్నాను. లేబర్ ఆఫీసు మేడ మీద ఒక మామూలు గది, బల్ల, ఫైళ్ల కట్టలు. అదే కమిషనర్ కోర్టు. లిఫ్టు లేదు. కాలు విరిగినవాళ్లు, నడుం విరిగినవాళ్లు వచ్చే చోటు అది, పద్నాలుగు మెట్లు. మొదటి రోజు బాపు ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ, వెనక్కి జరుగుతూ ఎక్కాడు. ఊరి నుంచి ఆటోకు పోనురాను 600. ఎన్నోసార్లు పైకి ఎక్కాక సారు మీటింగులో ఉన్నారని వాయిదా రాసేవాళ్లు. ఆ అధికారికి ఈ కేసులతో పాటు ఆఫీసు పనులన్నీ ఉంటాయి. అందుకే ముందురోజు సాయంత్రం ఆఫీసుకు ఫోన్ చేసి, సారు ఉంటారంటేనే బాపును తీసుకుపోవడం మొదలుపెట్టాను.

నాలుగు వాయిదాల తర్వాత, 2022 జూలైలో పంచాయతీ కౌంటర్, అంటే తన జవాబు, వేసింది. అందులో మూడు మాటలు. బాపు గౌరవ వేతనం మీద పనిచేసే మనిషి, ఉద్యోగి కాడు. పంచాయతీ వ్యాపార సంస్థ కాదు, ప్రజాసేవ చేసేది, కాబట్టి ఈ చట్టం వర్తించదు. మూడోది, ప్రమాద సమయంలో బాపు తాగి ఉన్నాడు.

మూడోది చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు. బాపు అడిగి అడిగి చదివించుకున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. కల్లు తాగడు అని నేను చెప్పను, ఆయన పండుగకు తాగుతాడు. పొద్దున ఏడింటికి, డ్యూటీలో, ఊరి నడిమధ్య పన్నెండేళ్లు చెత్త ఎత్తిన మనిషి గురించి, ఆయన ఎత్తిన చెత్త ఇళ్లవాళ్లే అట్లా రాయించారు. కాలు కంటే ఎక్కువ నొప్పి పెట్టింది ఆ వాక్యమే అని బాపు ఇప్పటికీ అంటాడు.

అది ఊరికే రాసింది కాదని మేడం చెప్పారు. తాగి ఉండటమే గాయానికి నేరుగా కారణమైతే, చావు లేదా పూర్తి శాశ్వత వైకల్యం కానప్పుడు, యజమాని తప్పించుకోవచ్చు. దానికి జవాబు ఆసుపత్రి రికార్డు రూంలో దొరికింది. కేసు షీటు నకలుకు అర్జీ పెట్టి ఎనిమిది రోజులు తిరిగాను. అందులో పేషెంట్ స్పృహలో ఉన్నాడని, మాటలు సరిగా చెబుతున్నాడని, ట్రాలీ తగిలిందని ఉంది. మద్యం వాసన అన్న మాట ఎక్కడా లేదు.

వ్యాపార సంస్థ కాదన్న మాటకు మేడం చట్టం పుస్తకంలోంచి ఒకే వాక్యం చదివారు. రెండో సెక్షన్, రెండో ఉపవిభాగం. స్థానిక సంస్థ తన అధికారాలనూ విధులనూ నిర్వర్తించడాన్ని ఈ చట్టం కోసం దాని వ్యాపారంగానే భావించాలని అందులో ఉంది. 1923లోనే ఎవరో ఈ సాకు వస్తుందని ఊహించి రాసిపెట్టారు! ఊడ్చే పని చట్టం వర్తించే పనుల జాబితాలో (షెడ్యూల్లో) లేదని వాళ్ల వకీలు అన్నప్పుడు కూడా జవాబు ఉంది. మోటారు బండికి సరుకు ఎక్కించడం, దించడం షెడ్యూల్లో మొదటి వరుసలోనే ఉంది. చెత్త కూడా సరుకే.

ఇక మిగిలింది బాపు ఆ రోజు డ్యూటీలో ఉన్నాడా అన్నది. మార్చి 9 మస్టర్‌లో సంతకం ఉంది. అయినా మేడం కాకను సాక్షిగా పిలిపించారు. కాక అప్పటికీ అదే ట్రాక్టర్ నడుపుతున్నాడు, అదే పంచాయతీలో. చెబితే పని పోతుందేమోనని ఆయన భార్య మా ఇంటికి వచ్చి ఏడ్చింది. బాపు, "రావద్దులే చెల్లె" అని చెప్పి పంపాడు. 2023 ఫిబ్రవరిలో వాయిదా రోజు మేం పోయేసరికి కాక మెట్ల కింద నిలబడి ఉన్నాడు. బాపును వీపు మీద ఎక్కించుకుని ఆ పద్నాలుగు మెట్లు ఎక్కించాడు. లోపల కమిషనర్ ముందు, "డ్యూటీలనే ఉన్నం సారూ. తాగలే. నేనే చూసుకోలే" అన్నాడు. ఆఖరి మాట ఎవరూ అడగలేదు. ఆయన పని పోలేదు.

డాక్టర్ సాక్ష్యానికి మూడు వాయిదాలు పట్టాయి. ఇక్కడ మేం పడిన తికమక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మీసేవలో స్లాట్ పెట్టుకుని తీసుకున్న సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 45 శాతం. దాని మీదే 2022 ఆగస్టు నుంచి బాపుకు పింఛను వస్తోంది, మొదట 3,016, 2023 జూలై నుంచి 4,016. పరిహారానికి కూడా అదే 45 లెక్క అనుకున్నాం. కాదు. ఈ చట్టం అడిగేది శరీరంలో ఎంత పోయిందని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందని. గాయాల షెడ్యూల్లో పేర్కొన్న వాటికి శాతాలు ముందే రాసి ఉంటాయి, చెయ్యి పోతే ఇంత, బొటనవేలు పోతే ఇంత అని. బాపుది అందులో లేని గాయం, కాబట్టి డాక్టర్ అంచనా వేసి చెప్పాలి. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి సంపాదన శక్తి నూటికి నూరు పోయినట్లేనని సుప్రీంకోర్టు అన్న పాత తీర్పును మేడం చూపించి, నిలబడి చేసే పని తప్ప తెలియని మనిషికి ఈ కాలు పోతే నూరే అని వాదించారు. కూర్చుని చేసే పని చేయవచ్చని అవతలి వకీలు అన్నారు. ఊళ్లో కూర్చుని చేసే పని ఏముంది? కమిషనర్ చివరికి 60 దగ్గర ఆగారు.

వయసు ఇంకో సంగతి. ఆధార్‌లో 1973 జనవరి 1, అంటే ప్రమాదం నాటికి 48. ఓటరు కార్డులో 52. వయసు పెరిగితే లెక్కలో గుణించే అంకె తగ్గుతుంది. 48కి 159.80, 52కి 146.20. ఓటరు కార్డే తీసుకుని ఉంటే మాకు 41,616 రూపాయలు తగ్గేవి. స్కూలు మొహం చూడని మనిషి పుట్టిన రోజుకు అంత విలువ ఉంటుందని మాకెవరికి తెలుసు? అన్ని కార్డుల్లో ఒకే వయసు ఉండేలా ఇవాళే చూసుకోండి.

మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసి ఉన్న కేసు ఇరవై తొమ్మిది నెలలు సాగింది. 2023 చివర్లో అసెంబ్లీ ఎన్నికలు, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలు, అధికారులందరూ ఎలక్షన్ డ్యూటీలో. ఆ మధ్యలో ఒకటే ఊరట, 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. బాపు రానక్కర్లేని వాయిదాలకు నేను ఒక్కదాన్నే పోయి వచ్చేదాన్ని, పైసా ఖర్చు లేకుండా. నా లెక్కలో మొత్తం ముప్పై ఒక్క వాయిదాలు.

2024 జూన్ 27న ఆర్డర్ వచ్చింది. నకలు చేతికి రావడానికి ఇంకో పన్నెండు రోజులు. లెక్క ఇట్లా ఉంది. జీతం 8,500లో 60 శాతం 5,100. దాన్ని 159.80తో గుణిస్తే 8,14,980. అందులో పోయిన సంపాదన శక్తి 60 శాతం, 4,88,988. వైద్యం బిల్లులు 41,850. ప్రమాదం జరిగిన నెల తర్వాత నుంచి, డబ్బు జమ చేసేదాకా ఏడాదికి 12 శాతం వడ్డీ. ఆలస్యానికి యాభై శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు గానీ, నిధులు లేవన్న పంచాయతీ జవాబు విని కమిషనర్ వేయలేదు. బాపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "తాగిండని రాసింది తీసేసిన్రా?" అని అడిగాడు. రుజువు కాలేదని రాశారు బాపూ అన్నాను. ఆ పేరా నాలుగుసార్లు చదివించుకున్నాడు. మొత్తం ఎంతో ఆ తర్వాత అడిగాడు.

ఆర్డర్ వస్తే డబ్బు వచ్చినట్లే అనుకున్నాం. అసలు ఓపిక పరీక్ష అక్కడ మొదలైంది. 2024 జనవరి ఆఖరుతో సర్పంచుల పదవీకాలం అయిపోయింది, ఎన్నికలు లేవు. పంచాయతీకి స్పెషల్ ఆఫీసర్. ఆయన మంచిగానే మాట్లాడారు, కానీ తాను రాకముందు జరిగిన దానికి ఏ పద్దు కింద చెక్కు రాయాలో తెలియదన్నారు. ఆడిట్‌లో పట్టుకుంటారన్న భయం ఆయన మొహంలో కనిపించింది. హైకోర్టుకు అప్పీలు పోతామని కొన్నాళ్లు అన్నారు. అరవై రోజుల్లో పోవాలి, పోవాలంటే ముందు మొత్తం డబ్బు కమిషనర్ దగ్గర జమ కట్టాలి. కట్టలేదు, పోలేదు. గడువు దాటింది.

అక్టోబరులో 31వ సెక్షన్ కింద వసూలు పిటిషన్ వేశాం. కట్టని పరిహారాన్ని భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు. కమిషనర్ నుంచి కలెక్టర్ ఆఫీసుకు ఉత్తరం, అక్కడి నుంచి జిల్లా పంచాయతీ ఆఫీసుకు, అక్కడి నుంచి మండలానికి, మళ్లీ మా ఊరికి. ప్రతి బల్ల దగ్గర ఫైలు నంబరు రాసుకుని, పదిహేను రోజులకోసారి పోయి అడిగాను. ఒకాయన, "నీకు వేరే పని లేదామ్మా" అన్నారు. నిజంగానే లేదు. రెండు ఉద్యోగాలకు సెలవులు సరిపోక మానేశాను. నేను అడగడం ఆపిన రెండు నెలలూ ఫైలు కదలలేదు, అందుకే మళ్లీ మొదలుపెట్టాను. 2025 నవంబరు 10న పంచాయతీ డబ్బు జమ చేసింది. ఏప్రిల్ 2021 నుంచి యాభై అయిదు నెలల వడ్డీ 2,68,943. అన్నీ కలిపి 7,99,781.

ఇంకో పదకొండు రోజులకు, నవంబరు 21న, ఈ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కొత్తగా వేసేవాళ్లు నేను చెప్పిన సెక్షన్ నంబర్లు పట్టుకోకుండా వకీలును అడగండి.

జమ అయ్యాక కూడా దాదాపు రెండు నెలలు. బాపు బ్యాంకు ఖాతాలో రెండేళ్లకు పైగా లావాదేవీ లేక అది నిద్రాణ ఖాతా అయిపోయింది. పింఛను పోస్టాఫీసులో తీసుకుంటున్నాడు కదా, బ్యాంకు మొహం చూడలేదు. కేవైసీ మళ్లీ చేయించాలి, వేలిముద్ర పడలేదు. చెత్త ఎత్తిన చేతులు, గీతలు అరిగిపోయాయి. మూడోసారికి పడింది. ఆర్డర్ రాగానే ఖాతాలో ఒక వంద రూపాయలు వేసి తీసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

మేడంకు పదో వంతు ఇచ్చాం. ఆమె వాయిదాలకు తిరిగిన ఖర్చు కూడా వేరే అడగలేదు. లక్షా ఇరవై వేల అప్పుకు యాభై అయిదు నెలల్లో మిత్తే లక్షా ముప్పై రెండు వేలు కట్టాం. చట్టం మాకు ఇచ్చింది నూటికి నెలకు రూపాయి, మేం కట్టింది రెండు. అసలు ఇప్పుడు తీర్చాం. మిగిలినదాంట్లో సగం బాపు, అవ్వ పేరు మీద డిపాజిట్ చేశాం. ఇంటి గడప తీసేసి, వాకిట్లోకి చిన్న ఏటవాలు దారి పోయించాం.

మొన్న డిసెంబరు ఎన్నికల్లో మా ఊరికి కొత్త సర్పంచ్ వచ్చాడు. సంక్రాంతి దాటాక బాపు పంచాయతీ ఆఫీసుకు పోదామన్నాడు. ఆ స్టాంపు కాగితం రోజు తర్వాత ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఏం అడుగుతాడోనని నాకు భయం. ఆయన వాకర్ గోడకు ఆనించి, ట్రాక్టర్ ఇన్సూరెన్స్ కాగితం చూపించమన్నాడు. కార్యదర్శి బీరువా తెరిచి తీసి ఇచ్చారు. కాక, చెత్త ఎత్తే ఇద్దరు పిల్లలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. బాపు కాగితం నా చేతికి ఇచ్చి, "తారీకు చదువు బిడ్డా, గట్టిగ చదువు" అన్నాడు. చదివాను. ఇంకా ఇరవై ఎనిమిది రోజులు ఉంది. సర్పంచ్ ఆ తేదీని గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి, దాని కంటే పది రోజుల ముందు ఇంకో గీత గీశాడు.